సెకుందీనో బావ కట్టిన ఈగలు

మా అక్క ఒనొరీనా ఫిబ్రవరి నెలలో పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ కూలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఆస్పత్రి దాకా కూడా నిలవలేదు ప్రాణం. సమాధి చేసిన మర్నాడే మా బావ సెకుందీనో ఎప్పట్లాగే బస్సు తీశాడు. పై ఊళ్ళ నుంచి లెయోన్ పట్నానికి పోయే బస్సు ఆయనే నడుపుతాడు. ఎక్కిన ప్రతివాళ్ళూ "అయ్యో సెకుందీనో, ఎంత పని జరిగింది" అని ఆయన భుజం మీద చెయ్యి వేస్తే, "వెనక్కి జరగండి, ఇంకా ఎక్కేవాళ్ళున్నారు" అన్నాడట.

చర్చిలోనూ ఏడవలేదు, సమాధి దగ్గరా ఏడవలేదు. రొట్టెల కొట్టు దగ్గర ఆడవాళ్ళు నా ముందే అనేశారు, "మీ బావది ఏం గుండె తల్లీ! ముప్పయ్యేళ్ళ కాపురం, కంట నీటిచుక్క లేదు" అని. నేను కాదనలేదు. నాకూ లోపల మండిపోతూనే ఉంది.

మా ఇంట్లో పనులు ఎప్పుడూ ఇలా పంచుకునేవాళ్ళం. పుంజుల్ని నేను పెంచుతాను. కురుఎన్యో ఏటి ఒడ్డున ఉన్న మా నాలుగు ఊళ్ళలో తప్ప ఇంకెక్కడా ఆ పుంజుల ఈకకి ఆ మెరుపు రాదంటారు. వాటి వీపు మీది ఈకలు నేను పీకి ఇస్తే, అక్క ఈగలు కట్టేది. నిజం ఈగలు కాదు. గాలానికి పట్టుదారం చుట్టి, మెడ దగ్గర ఈక పోగులు కట్టి, నీళ్ళలో పడితే ట్రౌట్ చేప నిజం పురుగనుకుని మింగేలా చేసే ఉత్తుత్తి ఈగలు. అక్క ఏ పరికరమూ వాడేది కాదు. గాలాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకునే కట్టేది, మా అమ్మ కట్టినట్టే. ఆ ఈగలతో బావ చేపలు పట్టేవాడు. ఆ చేపలు మళ్ళీ మా పొయ్యి మీదికే వచ్చేవి.

ఆ ఏడు మే నెలలో బావ ఐర్లండ్ వెళ్ళాల్సి ఉంది. పుట్టి బుద్ధెరిగాక దేశం దాటడం అదే మొదలు. తోడు ఆయన స్నేహితుడు, మాంసం కొట్టు బెలర్మీనో. అతని మేనల్లుడు అక్కడ ఒక సరస్సు పక్కన హోటల్లో వంటవాడు. మే నెలలో ఆ సరస్సు మీద పసుపు పచ్చని పురుగులు మబ్బులా లేస్తాయని, చేపలు పిచ్చెక్కినట్టు పైకొస్తాయని చెప్పి ఊరించాడు. చలికాలమంతా ఇంట్లో అదే మాట. అక్క ఆ ప్రయాణం కోసమే కట్టడం మొదలుపెట్టింది. చిన్న రేకు డబ్బాలో అడుగు కూడా నిండకముందే పోయింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం బెలర్మీనో వచ్చాడు. నేను బావ ఇంట్లోనే గిన్నెలు తోముతున్నాను.

"ఒరేయ్, నువ్వు రాకపోతే నేనూ పోను. ఏమంటావు?" అన్నాడు టోపీ చేత్తో నలుపుతూ.

"పోదాం" అన్నాడు బావ, తలుపెయ్యి అన్నంత మామూలుగా.

"మరి ఈగలో? అక్కడ కొనుక్కుందాంలే."

"ఒనొరీనా కడతానంది కదా."

నేను చేతిలో గిన్నె దించి, కావాలనే అన్నాను. "అక్క లేదు బావా."

"తెలుసు" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు నేర్పు" అన్నాడు.

నేను అక్కంత బాగా కట్టలేను కానీ పని తెలుసు. ఆదివారాలు భోజనం అయ్యాక వంటింటి కిటికీ దగ్గర బల్ల మీద కూర్చునేవాళ్ళం. స్టీరింగ్ పట్టి పట్టి బండబారిన చేతులాయనవి. దారం లాగితే పుటుక్కున తెగేది. లాగకపోతే ఈక జారిపోయేది. బొటనవేలి గోరుతో పోగుల్ని విసనకర్రలా పరవమంటే, అన్నీ ఒకేచోట కుప్ప పోసేవాడు.

"బావా, అది ఈగా, చెప్పుకింద పడ్డ బొద్దింకా?"

"ఐర్లండ్ చేపలకి చూపు తక్కువట."

"చూపు కాదు, బుద్ధి తక్కువుండాలి దాన్ని మింగడానికి."

వెనకటిలా అయితే ఈ మాటకి ముగ్గురం విరగబడి నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఆయన ముఖంలో కదలికే లేదు. మాటలు మాత్రం అలవాటు కొద్దీ వస్తున్నాయి. నవ్వకుండా వేళాకోళమాడే మనిషిని చూస్తే భయం వేస్తుంది.

ఒకరోజు నేను దారానికి మైనం రాస్తూ తలెత్తి చూశాను. గాలం ఆయన బొటనవేల్లో దిగి ఉంది. రక్తం బల్ల మీదికి కారుతోంది. ఆయన ఇంకా దారం చుడుతూనే ఉన్నాడు.

"బావా! వేలు!"

ఎవరి వేలో చూసినట్టు చూశాడు. నేను పట్టుకుని గాలం తీసి, సారాతో కడిగి గుడ్డ కట్టాను. సారా పోస్తే ఎవరైనా కెవ్వుమంటారు. ఆయన చెయ్యి కూడా లాక్కోలేదు.

"డెల్ఫీనా, నాకేమీ తెలియట్లేదు" అన్నాడు. "నిన్న సూప్ తాగాక నాలిక మీద పొక్కు కనిపించింది. కాలినప్పుడు తెలియలేదు. బస్సు నడుపుతాను, మలుపులన్నీ సరిగ్గానే తిప్పుతాను. ఊరొచ్చాక, దారిలో ఏం చూశానో గుర్తుండదు."

"డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నొప్పి ఉంటే కదా చెప్పడానికి."

రొట్టెల కొట్టు ఆడవాళ్ళ మాటలకి మళ్ళీ నేను తలూపలేదు. అప్పటికి డబ్బా సగం దాకా నిండింది. పైన ఆయనవి, కింద అక్కవి.

మేలో ఇద్దరూ వెళ్ళారు. నేను బావ ఇంటికి వెళ్ళి కిటికీలు తీసి ఊడుస్తుంటే ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎత్తాను.

"ఎవరూ?"

"నువ్వేంటి అక్కడ?" బావ గొంతు.

"ఇల్లు ఊడుస్తున్నాను. నేనిక్కడున్నట్టు తెలియనప్పుడు ఎవరికోసం చేశావు మరి?"

"ఎవరూ లేరని తెలిసే చేశాను. కాసేపు మోగుతుంటే విందామని."

మళ్ళీ ఆయనే అన్నాడు, "చేప పడింది."

"పెద్దదా?"

"రెండు చేతుల్లోనూ పట్టలేదు. బెలర్మీనో గంతులేస్తే పడవ తిరగబడబోయింది. పడవవాడు వాళ్ళ భాషలో తిట్టాడు."

"ఏ ఈగకి?"

"నేను కట్టినదానికే."

"మరి సంతోషంగా లేదా బావా?"

"లేదు. చేప బాగుంది. మచ్చలు బాగున్నాయి. వదిలేశాను. ఇంటికెళ్ళి ఎవరికి చెప్పాలి?"

నాకు అక్కడే, చీపురు చేతిలో ఉండగానే, ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఆయన ఫోన్ పెట్టలేదు.

"ఏడువు" అన్నాడు. "నువ్వైనా ఏడువు. ఫోన్ కార్డులో ఇంకా డబ్బులున్నాయి, నేను వింటుంటాను."

కార్డు అయిపోయి లైను తెగేదాకా విన్నాడు.

తిరిగొచ్చాక బెలర్మీనో నన్ను కొట్టు వెనక్కి పిలిచి అసలు సంగతి చెప్పాడు. బావ ముందు అక్క కట్టిన ఈగల్నే వాడాడట. కొన్ని రాళ్ళకి చిక్కి తెగాయి, కొన్నిటిని చేపలు పట్టుకుపోయాయి. "ఒక్కటైనా దాచుకోరా అని బతిమాలాను డెల్ఫీనా. వింటేనా! 'చేపల కోసం కట్టింది, డబ్బాలో పెట్టుకోడానికి కాదు' అన్నాడు. చివరిది తెగినప్పుడు కూడా తల తిప్పలేదు. తనవి తీసి కట్టుకున్నాడు."

నాకు చచ్చేంత కోపం వచ్చింది. నిలదీద్దామని ఆ ఇంటికి వెళ్ళాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని ఒక ఈగ కడుతున్నాడు. ఐర్లండ్ నుంచి నాకు తెచ్చిన ఉన్ని శాలువా కుర్చీ మీద ఉంది. పేడ రంగు. శాలువా తీసుకుని వచ్చేశాను.

ఇది జరిగి నాలుగో ఏడు. బస్సు ఇప్పుడు వేరేవాళ్ళు నడుపుతున్నారు. ఆదివారాలు ఇంకా కూర్చుంటాం. బావ చెయ్యి కుదిరింది, పక్క ఊళ్ళవాళ్ళు కూడా అడిగి తీసుకుంటున్నారు. ఏడవడం మాత్రం ఈ రోజుకీ చూడలేదు. మొన్న శరదృతువులో పట్టుదారం కోసం పట్నం వెళ్ళి, వెలిసిపోయిన నారింజ రంగు పట్టుకొచ్చాడు.

"ఇదేం రంగు బావా? జబ్బు చేసిన పురుగులా ఉంది."

"మీ అక్క ఇదే వాడేది."

"అక్క ఎప్పుడూ వాడలేదు! దాని రంగు ముదురు."

"వాడేది!" అని బల్ల మీద గుద్దాడు. గాలాలన్నీ ఎగిరి నేలమీద పడ్డాయి. "ముప్పయ్యేళ్ళు దాని పక్కన కూర్చున్నాను, నాకు చెప్తావా నువ్వు?"

"నీకంటే ముందు నుంచి కూర్చున్నదాన్ని నేను!"

అక్క పోయాక ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. పక్కింటావిడ ఏమైందోనని తలుపు దాకా వచ్చి చూసింది. ఇద్దరం నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, గాలాలు ఏరుతూ, ఇంకా అరుచుకుంటున్నాం.