ఏం అర్థమైందో చెప్పు

సార్ పోయారన్న కబురు ఆయన కూతురు పంపిన సందేశంగా వచ్చింది. "మా నాన్న ఈ రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత ఇంట్లోనే కన్నుమూశారు. జనాజా నమాజు మధ్యాహ్నం రెండు గంటలకు, మెట్‌పల్లిలో మా ఇంటి పక్క మసీదులో. బస్టాండు వైపు రోడ్డు తవ్వి ఉంది, మార్కెట్ మీదుగా రండి. అమ్మ పడుకుంది, దయచేసి ఫోన్ చేయకండి."

మాలో ఒక్కరికీ తిరిగి అడగాల్సిన ప్రశ్న మిగల్లేదు. కళ్లు తుడుచుకుంటూనే ఒకింత గర్వపడ్డాను. సార్ ఇంటి పిల్ల అట్లాగే రాస్తుంది మరి.

ఆయన మా కరెంటు ఆఫీసులో ఏఈ. మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన సెక్షన్ కిందికి వచ్చేవి. నేను అక్కడే సబ్ ఇంజినీరుగా చేరాను. చేరిన వారంలోనే, తీగలు మార్చే పని ఉంది, ఊళ్లకు నోటీసు రాయమన్నారు. ఎంతో శ్రద్ధగా రాశాను: "అనివార్య సాంకేతిక కారణముల దృష్ట్యా విద్యుత్ సరఫరా యందు అంతరాయము కలుగునని వినియోగదారులకు ఇందుమూలముగా తెలియజేయడమైనది."

సార్ దాన్ని పైకి చదివారు. ఏ కాగితమైనా ఆయన పైకే చదివేవారు, ఎవరో ఎదురుగా కూర్చుని వింటున్నట్టు.

"మస్తుంది బిడ్డా. గిది చదివినంక ఇంటామె ఏం జెయ్యాలె?"

"కరెంటు పోతదని తెలుసుకుంటది సార్."

"తెలుసుకొని? ట్యాంకు నింపుకోవాల్నా, వద్దా? పిండి గిర్నీకి ఇయ్యాల పోవాల్నా, రేపు పోవాల్నా? గది నువ్వు చెప్పకుంటే ఆమె నాకు ఫోన్ చేస్తది. ఆమెతోని మాట్లాడుడు నాకు ఖుషే. గని ఊరంత చేస్తది గదా!"

అదే కాగితం వెనక ఆయనే రాశారు: "రేపు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా మీ ఊరికి కరెంటు ఉండదు. పాత తీగలు మారుస్తున్నాం. తొమ్మిదిలోపు నీళ్లు నింపుకోండి. పని ఆలస్యమైతే ముందే చెప్తాం." మర్నాడు ఆఫీసు ఫోన్ ముందు కూర్చుని అది మోగకపోవడం చూసి, పాడైందేమోనని ఎత్తి చూశాను.

కోప్పడటం ఆయనకు చేతకాదు. రిపోర్టు రాసి తీసుకెళ్తే, అట్టడుగున ఉన్న వాక్యం కింద గీత గీసి, బాణం గుర్తుతో పైకి లాగేవారు. "ముచ్చట ముందుగాల చెప్పు బిడ్డా. కథ తర్వాత ఇంటం" అనేవారు. 'తగు చర్య తీసుకోగలరు' అని ఎవరైనా రాస్తే చాయ్ గ్లాసు పక్కన పెట్టి అమాయకంగా అడిగేవారు: "ఇంతమంది రాస్తున్నరు. గీ తగు చర్య అనేటామె ఎవలు? ఇన్నేండ్ల నౌకరీల నేనైతే ఒక్కపారి గూడ చూడలే."

కానీ నవ్వకుండా పట్టుబట్టిన విషయం ఒకటుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, ఆ లైనులో కరెంటు ఆపించుకోవాలి. అంతటా ఉన్న పద్ధతే అది. సార్ దానికి తన మాట ఒకటి కలిపారు. ఆపినవాళ్లు ఏ లైన్ ఆపారో పూర్తి పేరుతో చెప్పాలి. లైన్‌మన్ దాన్ని తిరిగి అప్పజెప్పాలి. రెండు పేర్లూ కలిస్తేనే ఎక్కాలి. "అర్థమైందా అని అడగొద్దు. అందరు అయ్యిందనే అంటరు. ఏం అర్థమైందో చెప్పు అని అడగాలె. 'సరే' అన్నది జవాబు కాదు."

ఈ పద్ధతి సార్ పై అధికారి డీఈ గారికి నచ్చలేదు. సార్ రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. ఒక రోజు డీఈ ఆఫీసు ఫోన్‌కే చేశారు. ఆయన గొంతు గదంతా వినిపించింది.

"మీ సెక్షన్లనే కరెంటు ఎందుకు ఆలస్యంగ వస్తుంది? చిన్న పిల్లల లెక్క ఈ పాఠం అప్పజెప్పుడేంది? బంద్ చెయ్యుండ్రి. లేకుంటే మెమో ఇస్త."

"బంద్ చెయ్యమని కాయిదం మీద రాసియ్యుండ్రి సార్. అప్పటిదాంక మావోళ్లు అప్పజెప్తరు," అని సార్ నెమ్మదిగా ఫోన్ పెట్టేశారు. తర్వాత చాయ్ తాగలేదు. ఆ వయసులో మెమో అంటే ఏమిటో మా అందరికీ తెలుసు.

రాసిన కాగితం రానేలేదు. దానికంటే ముందు గాలివాన వచ్చింది.

ఎండాకాలం సాయంత్రం. ఆపరేటర్ యార్డులో ఉన్నాడు, సబ్‌స్టేషన్ ఫోన్లు నేను చూస్తున్నాను. కరెంటు వచ్చిపోతోందని చింతలపల్లె నుంచి జనం ఒకటే ఫోన్లు. అంతలో లైన్‌మన్ రాజేశం చేశాడు. రేకుల మీద వడగండ్లు పడుతుంటే సగం మాటే వినిపించింది.

"మేడం, చింతల... తీగల మీద కొమ్మ పడ్డది. లైన్ బంద్ చెయ్యుండ్రి."

చింతలపల్లె లైన్ ఆపించాను. ఇంకో ఫోన్‌లో డీఈ గారు, "ఇంకెంతసేపు? తొందరగ ఎక్కమను" అంటున్నారు. "బంద్ అయ్యింది, ఎక్కు" అన్న మాట నా నాలుక చివర ఉంది. కానీ సార్ దగ్గర అలవాటైన నోరు ఇంకోటి పలికింది.

"రాజేశం, ఇనవడుతుందా? చింతలపల్లె లైన్ బంద్ చేసిన. నీకేం అర్థమైందో చెప్పు."

వాన చప్పుడులోంచి కేక వినిపించింది.

"పల్లె కాదు మేడం! పేట! నేను చింతలపేటల ఉన్న! పేట లైన్ బంద్ చెయ్యుండ్రి!"

"ఎక్కినవా?"

"ఎక్కలే. మీరు పేరు చెప్పకముందు నేనెట్ల ఎక్కుత?"

చింతలపేట లైన్ ఆపించి, పేరు చెప్పాను. అతను అప్పజెప్పాడు, నేను మళ్లీ విన్నాను. అప్పుడు ఎక్కి కొమ్మ తీశాడు. పొద్దు మునగకముందే రెండు ఊళ్లలోనూ లైట్లు వెలిగాయి. తడిసి ముద్దయి వచ్చిన సార్‌కు జరిగింది చెప్పాను. ఆయన మెట్టు మీద కూలబడి, ముందు మొహం కప్పుకున్నారు, తర్వాత "షాబాష్ రా రాజేశం! షాబాష్ బిడ్డా!" అని యార్డంతా వినబడేలా అరిచారు. అక్కడి నుంచే డీఈ గారికి ఫోన్ చేశారు.

"సార్, రెండు లైన్లు చాలూ అయినయి. మా రాజేశం పానంతోని ఉన్నడు. ఎందుకున్నడో కరీంనగర్ మీటింగుల చెప్త."

అన్ని సెక్షన్లవాళ్లూ కూడిన ఆ మీటింగులో ఆయన చెప్పే అవసరం రాలేదు. డీఈ గారే లేచారు. "నేను ఆపమన్న పద్ధతే మొన్న మనిషిని కాపాడింది. ఇగ అన్ని సెక్షన్లల్ల ఇదే నడవాలె" అని నిండు సభలో అన్నారు. అంత మాట అనడానికి ఆయనకూ గుండె కావాలి. డీఈ ఆఫీసువాళ్లు అప్పటికే ఆ నియమాన్ని 'పైన సూచించిన విషయము ననుసరించి' అంటూ నాలుగు పేజీల సర్క్యులర్ చేసి తెచ్చారు. సార్ దాన్ని చూసి వినయంగా అడిగారు, "సార్, గిది వానల రాజేశంకు ఇనవడుతదా?" హాలంతా నవ్వింది, డీఈ గారితో సహా. అక్కడికక్కడ సార్ చెప్పిన మూడు మాటలే ఖాయమయ్యాయి: లైన్ పేరు మొత్తం చెప్పు. అవతలివాళ్లతో తిరిగి చెప్పించు. అప్పటిదాకా ఎక్కకు.

మేము మెట్‌పల్లి చేరేసరికి లైన్‌మన్లు డప్పులతో ఎదురొచ్చారు. "నన్ను దింపుండ్రిరా, నడుము పోతది!" అని ఆయన మొత్తుకుంటున్నా వినకుండా భుజాల మీద ఆఫీసు దాకా మోశారు. ఆ మాటలు ఇప్పుడు మా సబ్‌స్టేషన్ల గోడల మీద పెద్ద అక్షరాలతో ఉన్నాయి. నేను ఆదిలాబాద్ వైపు ఏఈగా వెళ్తే, అక్కడి గోడ మీద అవే నన్ను పలకరించాయి. ఎవరు చెప్పారో అక్కడివాళ్లకు తెలియదు. ఫోన్ చేసి ఆ సంగతి చెప్తే సార్ ఎంతో సంబరపడ్డారు. "పేరెందుకు బిడ్డా? సమజైతుందా, లేదా? గంతే."

అంత్యక్రియలకు రెండు జిల్లాల నుంచి లైన్‌మన్లు డ్యూటీ దుస్తుల్లోనే వచ్చారు. ఆయన్ని ఒక్కసారి కూడా చూడని కుర్రవాళ్లు వాళ్లలో ఎందరో. ఆడవాళ్లం కబరస్తాన్ గోడ బయట నిలబడ్డాం. ఒక్కొక్కరే మట్టి వేసి వెనక్కి తిరుగుతున్నారు. చివరికి రాజేశం మిగిలాడు. అతను వంగి, రెండు చేతులా తడిమట్టి తీసుకుని, వేళ్ల సందుల్లోంచి మెల్లగా జారవిడిచాడు. మళ్లీ వంగాడు.