గాలి ఎక్కువగా ఉంది

అందరూ అతన్ని పైవాడు అనేవాళ్లు. కడుతున్న భవనం పక్కన నిలబెట్టిన అరవై మీటర్ల క్రేన్ మీద, కూర్చుంటే మోకాళ్లు అద్దానికి తగిలేంత గదిలో ఉంటాడు కాబట్టి ఆ పేరు. "పైవాడి దయ ఉంటే పదింటికల్లా ఇటుకలొస్తాయి" అని మేస్త్రీలు వేళాకోళం చేసేవాళ్లు. పైవాడికి నలభై ఏడేళ్ల వయసు, ఇరవై ఏళ్ల అనుభవం, ఒక మొండి కడుపు ఉన్నాయి. ఈ మూడో సంగతి పనిచోట బావమరిదికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ బావమరిది కింద నిలబడి వాకీటాకీలో సిగ్నల్ ఇస్తాడు. ఏది ఎత్తాలో, ఎక్కడ దించాలో అతను చెబితేనే పైన మీట కదులుతుంది.

కడుపు గొడవ మూడేళ్ల కిందట మొదలైంది. పొద్దున్నే మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, ఉన్నపళంగా పరుగెత్తాల్సిన అవసరం. వెళ్లొస్తే కాస్త తెరిపి, గంటకు మళ్లీ అదే కథ. ఇంకో వారం చూస్తే మూడేసి రోజులు కదలికే ఉండదు. రక్తపరీక్షలయ్యాయి, లోపలికి గొట్టం వేసి చూడటం కూడా అయింది. ప్రతి కాగితం మీదా ఒకటే మాట: నార్మల్. ఆ మాట వింటే అతనికి ఒళ్లు మండేది.

"అంతా నార్మలైతే నేను నాటకాలాడుతున్నానా డాక్టరుగారూ?"

"లేదండీ, నొప్పి నిజమే. దీన్ని ఐబీఎస్ అంటారు. మీ పేగులో పుండూ లేదు, గడ్డా లేదు. పేగుకీ మెదడుకీ మధ్య కబుర్లు మోసే నరాలు మరీ సున్నితమైపోయాయి, చిన్నదానికి కూడా గగ్గోలు పెడుతున్నాయి. ప్రాణానికి ముప్పు లేదు. అలాగని ఒక మాత్రతో పోయేదీ కాదు. వేళకి తినండి, ఏది పడట్లేదో రాసుకోండి. భయపడకండి. భయపడేకొద్దీ ఇది రేగుతుంది."

భయపడవద్దని చెప్పడం ఎంత తేలిక! క్రేన్ నిచ్చెన దిగడానికి పన్నెండు నిమిషాలు, ఎక్కడానికి పద్దెనిమిది. పైన ఆకాశం తప్ప మరుగుదొడ్డి లేదు. అందుకని పాలు మానేశాడు, టీ మానేశాడు, ఆఖరికి సాయంత్రం దాకా తిండే మానేశాడు. డాక్టరు చెప్పిందొకటి, ఇతను చేసిందొకటి. ఖాళీ కడుపు ఇంకా రేగింది. ఇల్లు చేరేసరికి భార్య అడిగినదానికి జవాబు చెప్పే ఓపిక కూడా మిగిలేది కాదు.

పనిచోటు చూసుకునే ఇంజినీరమ్మకు చెప్పెయ్యమని బావమరిది చెవినిల్లు కట్టుకుని పోరాడు. ఇతనికి ముఖం చెల్లలేదు. వాకీటాకీలో అన్న మాట అందరికీ వినబడుతుంది, మేస్త్రీల నోళ్లు మూయించడం ఎవరి తరం? చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. గాలి జోరైతే క్రేన్ ఆపాలని నియమం ఉంది. కాబట్టి కడుపు మొరాయించినప్పుడల్లా "గాలి ఎక్కువగా ఉంది, ఆపుతున్నా" అని దిగొచ్చేవాడు. అదేమీ పూర్తి అబద్ధం కాదులే అని బావమరిది పడీపడీ నవ్వాడు.

ఒక మధ్యాహ్నం నిజంగానే గాలొచ్చింది.

ఇనుప కడ్డీల కట్ట నేలకు కాస్త ఎత్తులో వేలాడుతుండగా పైన గది ఊగింది. "గాలి ఎక్కువగా ఉంది, ఆపుతున్నా!" అని అరిచాడు పైవాడు. ఆ మాట వినగానే కిందివాడు అందర్నీ దూరం పంపి తనూ తప్పుకోవాలి. కింద ఇంకా గాలి తగలని బావమరిది మాత్రం పాపం బావకు తొందరగా ఉందనుకున్నాడు. కట్ట దింపించి కొక్కెం విప్పేస్తే బావ నిచ్చెన అందుకుంటాడని దాని దగ్గరికే పరుగెత్తాడు. కట్ట ఊగి వచ్చి భుజానికి కొట్టింది. మనిషి ఇసుకలో పడ్డాడు.

కట్టను ఎలాగో నేలకు ఆనించి పైవాడు నిచ్చెన దిగాడు. ఎలా దిగాడో అతనికే తెలియదు. బావమరిది లేచి కూర్చున్నాడు గానీ చెయ్యి లేవడం లేదు. ఇంజినీరమ్మ అప్పటికే అక్కడుంది.

"గాలి అని చెప్పాక కూడా దగ్గరికెందుకు వెళ్లావు?"

బావమరిది బావ ముఖం చూశాడు. "వినపడలేదు మేడమ్."

"వినపడనివాడు సిగ్నల్ ఇవ్వకూడదు. చెయ్యి చూపించుకుని ఇంటికెళ్లు, మళ్లీ రావద్దు."

చుట్టూ పదిమంది. సరిగ్గా అప్పుడే కడుపులో మెలిక మొదలైంది. నోరు మూసుకుంటే పరువూ దక్కుతుంది, పైన చోటూ దక్కుతుంది. భార్య తమ్ముడి బతుకుదెరువు మాత్రం పోతుంది. అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

"వాడికి వినపడింది మేడమ్. నాకే కడుపు జబ్బు. విరేచనాలకి దిగాల్సొచ్చినప్పుడల్లా గాలి అని చెప్తున్నా. ఇదీ అదే అనుకున్నాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంజినీరమ్మ నవ్వలేదు.

"ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లుగా."

"గాలి కొలిచే మీటరు పాడైందేమోనని రెండుసార్లు మార్పించాను." ఆవిడ గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది. "జబ్బు నీ తప్పు కాదు. ముందే చెప్పుంటే నీకూ ఇంకొకరికీ వంతులేసి పైకి పంపేదాన్ని. ఇప్పుడు నువ్వు పైనుంచి ఏం చెప్పినా కింద ఎవరు నమ్మాలి? నిన్నింక ఎక్కనివ్వను."

బావమరిదిని గట్టిగా హెచ్చరించి ఉంచుకున్నారు. ఇతన్ని సామాన్ల గదిలో వేశారు. అక్కడికి మరుగుదొడ్డి ముప్పై అడుగులు. వేళకి తింటున్నాడు. నొప్పి పోలేదు గానీ, మొదటి వారమంతా కలిపి పనివేళలో రెండే రెండు సార్లు లేచాడు. ఎప్పుడంటే అప్పుడు వెళ్లొచ్చన్న ధైర్యం ఉంటే పేగు కూడా అంతగా తొందరపడదని ఇప్పటికి తెలిసింది. ఈ తెలివి పైనున్నప్పుడే వచ్చుంటే అని ఏడుపొచ్చింది.

ఎనిమిదో రోజు బావమరిది చెయ్యి మెడకు కట్టుకుని సామాన్ల గదికి వచ్చాడు.

"కొత్తాయన బాగానే తిప్పుతున్నాడు బావా. నీ అంత మెత్తగా దించడులే."

"వాడేం చెప్పినా నమ్ము. ముందు పక్కకి జరుగు, తర్వాత ఆలోచించు," అని అతను బల్ల పట్టుకుని లేచాడు.

"ఎక్కడికి?"

"కడుపు బాగాలేదురా, బాత్రూంకి," అన్నాడు, గదిలో అందరికీ వినబడేలా.