పది సెకన్లు, పది మానికలు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు ఏ ధైర్యం లేకపోయినా, లెక్కలు వచ్చుననే ధైర్యం మాత్రం ఉండేది. నాచారంలో నీటి నమూనాలు పరీక్షించే చిన్న ల్యాబ్ మాది. మూడు నెలలు పనితనం చూసి ఉంచుకుంటారు, లేదంటే పంపేస్తారు. పంపేస్తే ఉప్పల్‌లో అద్దె గది ఖాళీ చేసి, కీసర దగ్గర మా ఊళ్లో నాయిన ముందు నిలబడాలి. (ఆయన తిట్టడు, తిన్నావా అని అడుగుతాడు. అదే బాధ.) నా పని మందు పట్టించిన తెల్లని కాగితపు బిళ్లలతో. చొక్కా గుండీ అంత బిళ్లను తడిపి, పుల్లతో కాస్త బ్యాక్టీరియా రుద్ది, పది సెకన్లు చూడాలి. ఊదారంగు వస్తే ఒక రకం, రాకపోతే ఇంకో రకం. "పది లెక్కపెట్టు, అంతే" అన్నారు మా మేడం. నేను లెక్కపెట్టాను.

వారమంతా ఏ బిళ్ల చూసినా ఊదారంగే. మొదట నా చేయి మంచిదని మురిసిపోయాను. తర్వాత అనుమానం పట్టుకుంది. రంగు రాకూడదని ముందే తెలిసిన బ్యాక్టీరియాను, ఎవరూ అడగకుండానే తెచ్చి రుద్దాను. అదీ ఊదాయే! బిళ్లలు పాడయ్యాయా, నీళ్లా, నేనా? ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే తప్పుడు రిపోర్టులు పోతాయి. చివరికి చెప్పేశాను.

"ఏదీ, ఆ రంగు రానిదే నా ముందు చెయ్యి. లెక్క పైకి చెప్పు" అన్నారు మేడం.

రుద్ది మొదలుపెట్టాను. "లాభం... లాభం... లాభం... లాభం... రెండు... రెండు... రెండు..."

మేడం కళ్లజోడు తీశారు. "ఏంటమ్మా అది?"

"లెక్కనే మేడం. వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు గద, లాభం అంటరు. ఇంకో మానిక నిండేదాంక గదే అనుకుంట ఉండాలె, లేకుంటే లెక్క తప్పుతది."

"మరి ఏడు?"

"ఏడు అంటే ఏడుపని, ఆరున్నొక్కటి అంటం."

మేడం పూర్తిగా కానిమ్మన్నారు. నా పది అయ్యేసరికి గోడ గడియారంలో నిమిషం దాటింది. ఆ ఆలస్యానికి, రంగు రాకూడని బిళ్లకూ గాలికే మెల్లగా రంగొచ్చేసింది. ఆవిడ బల్ల మీద తల పెట్టుకుని నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నన్ను పంపిస్తరా మేడం?"

"రిపోర్టులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, వారం పని మళ్లీ చెయ్యి. నీ తప్పు నువ్వే పట్టుకుంటే నిన్నెందుకు పంపుతానే?"

ఇప్పుడు నా బల్ల మీద పది సెకన్లకు కూసే టైమర్ ఉంది. అది కూశాక తెల్లగా మిగిలిన బిళ్లను పడేయాలి. ఎవరూ చూడకపోతే మాత్రం ఇంకాసేపు దాన్నే చూస్తూ కూర్చుంటాను. అన్నం మానేసిన ఆనాటి నేనే గుర్తొచ్చి జాలీ, నవ్వూ కలిసే వస్తాయి. ఆలస్యంగా వచ్చే ఆ ఊదారంగు ఏ రిపోర్టుకూ ఎక్కదు. నన్ను ఇక్కడ నిలబెట్టింది మాత్రం అదే.