సూరీడి వాటా

మనవరాలి డాబా మీది సోలార్ పీపా నీళ్లు బకెట్‌లో పడుతుంటే గోరువెచ్చని ఇనుము వాసన వేసింది. ఆ వాసనకు నా మనసు మా డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తింది.

కొత్తగా ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన రోజులవి. బరంపురంలో ఒక చిన్న పురుళ్ల ఆసుపత్రిలో నర్సుగా చేరాను. అక్కడ డాక్టరమ్మ మాటే మాట. మనిషి పొట్టి, నవ్వు పెద్దది. కట్టెల పొగ బాలింతలకు పడడం లేదని ఒక ఇనుప పీపాకు దీపం మసి పూయించి డాబా మీద ఎండలో పెట్టించింది. రాత్రి దానికి గోనెసంచులు కప్పేవాళ్లం. పొద్దున్నే పసిపిల్లల స్నానాలకు మరి కాస్త కట్టె పెడితే సరిపోయేది.

ఆసుపత్రికి ధర్మంగా కట్టెలిచ్చే పప్పుల షావుకారు ఈ వింత చూడడానికి ఒక మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బడా బజార్‌లో ఆయన తక్కెడంటే అందరికీ గురి. పీపాలో వేలు పెట్టి, చుర్రుమనగానే వెనక్కి లాక్కున్నాడు.

"ఏటమ్మా, సూరీడు ఇంతలా ఉడికించేస్తంటే మళ్లీ కట్టెలేటి?" అని కట్టెల బండి ఆపించేశాడు.

పుష్యమాసం చలి. పసిగుడ్డులకు చన్నీళ్లు పోయాలా? నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ ఒళ్లు మండితే నీళ్లు కాగవే పిల్లా," అంది డాక్టరమ్మ. "ఎల్లి ఆయన తక్కెడే ఓ పూటకి అడిగి తే. సూరీడిదెంతో, కట్టెలదెంతో తూసి సూద్దాం."

తక్కెడను ఒంటరిగా పంపే మనిషా? మర్నాడు పొద్దున్నే దాని వెంట తనూ వచ్చాడు. రెండు గుండిగలు పెట్టాం. ఒకదానిలో తొట్టిలోని చన్నీళ్లు, ఒకదానిలో పీపా నీళ్లు. మిగిలి ఉన్న కట్టెలను ఆయనే రెండు సమాన మోపులుగా తూచాడు. పీపా నీళ్లలో నేను మోచెయ్యి ముంచి చాలంటే నమ్మలేదు. చొక్కా చెయ్యి మడిచి తన మోచెయ్యి ముంచాడు.

"ఇంకా సలవే! పసిబిడ్డకి సాలదు, కట్టె ఎయ్యండి," అని తానే పొయ్యిలోకి తోశాడు. డాక్టరమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరికి తొట్టి నీళ్ల మోపులో ఒక్క పుల్ల మిగల్లేదు. పీపా నీళ్ల మోపులో సగం మిగిలింది. షావుకారు రెండుసార్లు తూచి బుర్ర గోక్కున్నాడు. ఆయన ఎవరి మాటనైనా కాదనగలడు గాని తన తక్కెడ మాట కాదనలేడు.

"అయితే సూరీడిది సగం, నాది సగం. అంతేనేటమ్మా?"

"మబ్బేసిన రోజున మొత్తం మీదేనండి," అంది డాక్టరమ్మ.

"హఉ, హఉ," అని ఒడియాలో ఒప్పేసుకుని నవ్వుకుంటూ వెళ్లాడు. ఆ మధ్యాహ్నమే కట్టెల బండి వచ్చింది.

వాదించే బదులు ఎదుటివాళ్ల చేతికే తక్కెడ ఇవ్వడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా పిల్లల్ని అలాగే పెంచాను. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వే వస్తుంది.

ఇవాళ మునిమనవడి మొదటి స్నానం. నిన్నంతా మబ్బు.

"అంతా సోలారే అమ్మమ్మా, పొయ్యితో పనిలేదు," అంది మనవరాలు గర్వంగా.

"నీ మోచెయ్యి ముంచి సూడు," అన్నాను.

ముంచింది. వెళ్లి పొయ్యి వెలిగించింది.