నీలమ్మ బుట్టలు, నా కనుసైగ

రాయికోడ్‌లో నీలమ్మ ఇంటి లోపలి గదిలో గోడవారన పేడతో అలికిన బుట్టలు పదకొండు. ముప్ఫై ఏళ్లుగా చుట్టుపక్కల సేద్యగాళ్లకు విత్తనం ఆమే ఇస్తుంది. చదువు రాదు. చీకటి గదిలోకి వెళ్లి అడిగిన గింజ తెచ్చిపెడుతుంది. ఆ బుట్టల్లో ఒకసారి పులిపిల్లలు పెరిగాయని జహీరాబాద్‌లో నేనే ప్రచారం చేశాను. కొందరు నమ్మారు కూడా.

ఎవరి దగ్గర ఏ విత్తనం ఉందో చూపే యాప్ తయారు చేయాలనుకుంది మా మనవరాలు త్రివేణి. అసలు పని మొదలుపెట్టకముందే అట్టతో ఫోన్ చేసి, కాగితాల మీద గింజల బొమ్మలు గీసి నీలమ్మ ముందు పెట్టింది.

"తాతా, నువ్వే ఫోన్‌వి. ఆమె ఏది నొక్కితే దాని కాగితం పెట్టు. మాట్లాడొద్దు. ఆమె యాడ ఆగుతదో నేను జూడాలె."

నీలమ్మ విమానమైనా నడుపుతుందని త్రివేణి దగ్గర అప్పటికే కోతలు కోసి ఉన్నాను.

సామలు చూపమంటే నీలమ్మ వేలు కొర్రల దగ్గర ఆగింది. "అన్నా, నా సామలు తలుపు పక్కకుంటయి గదా, గీడ..." అంటుండగానే సామల బొమ్మ వైపు కన్ను గీటాను. వేలు జరిగింది. ఆరు ప్రశ్నలకూ ఆరుసార్లు గీటాను. త్రివేణి సంబరపడి ఆ బొమ్మలతోనే యాప్ చేసింది.

నెల తర్వాత న్యాల్‌కల్‌లో యాప్ చూపించడానికి నలభై మంది ఆడవాళ్ల ముందు నీలమ్మ చేతికి నిజం ఫోన్ ఇచ్చారు. సామలు చూపమన్నారు. ఆమె ఫోన్ వైపు కాదు, నా ముఖం వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె కొర్రలు నొక్కింది.

"అయ్యో, గిన్నేండ్లు మనకు ఏం ఇత్తులిచ్చిందో ఏమో!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"ఫోన్ మంచిదే బిడ్డా, నా కండ్లే మంచిగ లెవ్వు" అంది నీలమ్మ.

లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో చిరాగ్‌పల్లి దగ్గర త్రివేణికి కన్ను గీటిన సంగతి చెప్పాను.

"ఆమె తప్పు నొక్కి ఉంటే నాకు అక్కరకొచ్చేది తాతా. నువ్వు ఒప్పు నొక్కిచ్చినవ్."

మర్నాడు మళ్లీ అట్ట ఫోన్ తీసుకుని రాయికోడ్ వెళ్లాం. ఈసారి కాగితాలు నీలమ్మనే పేర్చమంది త్రివేణి. తలుపు పక్క సామలు, తర్వాత పచ్చజొన్న, మూలన కొర్రలు. గదిలో బుట్టలున్న వరుస అది. ఆమె గింజను గుర్తుపట్టేది ఆ చోటుతోనే.

"మరి ఫోన్ ఎవరు?" అన్నాను.

"నువ్వు గాదు. గోడ దిక్కు తిరిగి కూసో, అన్నా" అంది నీలమ్మ.

కూర్చున్నాను. వెనక కాగితాలు కదులుతున్నాయి.

"న్యాల్‌కల్ల ఆ ఆడోళ్లందరి ముందట జెప్తవా?" అంది నీలమ్మ.

"చెప్త."

"అయిందే జెప్పు. పులిపిల్లలను పెట్టకు."