మా అత్త గుండె నెమ్మదించిన రోజు

మా అత్త పోయిన సంగతి చెబుదామని కుప్పంలో ఉన్న ఆడబిడ్డకు ఫోను చేశాను. ఎనభై దాటిన మనిషి, మధ్యాహ్నం కునుకులోనే పోయింది. ఆడబిడ్డ ఏడవబోయి ఆగి, "పొద్దున ఏం పెట్టినావు వదినా?" అని అడిగింది. నాకు కోపం రాలేదు. తల్లి పోలిక ఎక్కడికి పోతుంది?

పుంగనూరులో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారమే అత్త కాఫీ గ్లాసు నా వైపు తోసింది. "నువ్వు ముందు తాగుమే, సూస్తా" అంది. పెళ్ళిళ్ళకు తన నీళ్ళ చెంబు తనే మోసుకొచ్చేది. "నమ్మేవాళ్ళు నమ్మనీ, నేను వాసన సూసే తాగుతా" అనేది. ఆ ముక్కు పుణ్యమా అని మా ఇంట్లో ఎవరమూ చెడిపోయిన పాలు తాగలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

రెండేళ్ళ కిందట ఆమెకు కళ్ళు తిరగడం మొదలైంది. ఒకరోజు గడప దగ్గరే పడిపోయింది. మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్ళాం, కబురంది కుప్పం నుంచి ఆడబిడ్డా వచ్చింది. గుండె నిమిషానికి నలభై సార్లు కూడా కొట్టుకోవడం లేదన్నారు. వయసు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, బీపీ మాత్రలు కావచ్చు అని డాక్టరు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. చివర్లో, "ఇంట్లో పచ్చగన్నేరు ఉందా? దాని గింజ కడుపులోకి పోయినా ఇట్లే అవుతుంది" అన్నాడు.

మా పెరట్లో ఉంది. రోజూ పూజకు ఆ పూలు కోసేది నేనే. ఆడబిడ్డ నా వైపు చూసింది. అత్త కూడా చూసింది. పాతికేళ్ళుగా వండిపెట్టిన చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియక ఏడుపొచ్చింది నాకు.

"మాత్రలేమైనా మింగుతున్నావా అవ్వా?" అన్నాడు డాక్టరు.

"ఒక్కటీ లేదప్పా. ఎవుర్ని నమ్మి మింగేది?" అంటూనే అత్త వక్కాకు సంచిలోంచి చిన్న సీసా తీసి, రెండు కళ్ళలోనూ పోసుకోబోయింది.

డాక్టరు ఆ సీసా లాక్కుని చదివాడు. కంట్లో ప్రెషర్‌కు వాడే చుక్కల మందు. పూటకు ఒక్క చుక్కే వేయాలట. ఎక్కువైతే ముక్కులోకి దిగి, రక్తంలో కలిసి గుండెను నెమ్మదింపజేస్తుందట.

"ఒక్క సుక్కతో ఏమైతాదప్పా? నిదానంగా నయం చేసి పదిసార్లు తిప్పుకుందామని ఆ కంటి డాక్టరు అట్ల చెప్పినాడనుకొని, నాలుగు పోసుకుంటా ఉండా" అంది అత్త.

కుప్పం నుంచి ఆ మందు తెచ్చిచ్చేది ఆడబిడ్డే. అత్త వాసన చూడకుండా తీసుకునేది అదొక్కటే.

మందు మార్చారు. మూడు రోజులకు నాడి దారిలో పడింది. నిన్ను అనుమానించామని ఎవరైనా ఒక్క మాటంటే బాగుండుననిపించింది.

తిరుగు ప్రయాణంలో, కూతురి పక్కన సీటు ఖాళీగా ఉన్నా అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. బస్సెక్కితే రెప్ప వాల్చని మనిషి, మదనపల్లె దాటకముందే నా భుజం మీద తలపెట్టి కళ్ళు మూసుకుంది. నిజంగానే నిద్రపోయిందో, నేనేం చేస్తానో కనిపెడుతోందో ఇప్పటికీ తేల్చుకోలేను. పుంగనూరు వచ్చేదాకా నేను భుజం కదపలేదు.