పన్నుకని పక్కన పెట్టిన డబ్బు

ఆఫీసులో ఒకరి కింద పనిచేసి విసిగి, ఆవిడ ఉద్యోగం మానేసి ఇంట్లోనే బల్ల వేసుకుంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసే పని. మొదటి ఏడాది పని బాగానే దొరికింది. చివర్లో పన్నంతా ఒక్కసారిగా నెత్తిన పడేసరికి కళ్లు తేలేసింది.

"ఉద్యోగమైతే యజమాని నెలనెలా జీతంలో కోసి కట్టేస్తాడమ్మా. ఇక్కడ యజమానీ మీరే, నౌకరూ మీరే," అన్నాడు ఆడిటర్. "ఈ ఏడాది ఎంతొస్తుందో అంచనా వేసుకుని మూణ్ణెల్లకోసారి కట్టండి."

"పని ఎవరిస్తారో, ఇచ్చినా డబ్బులెప్పుడిస్తారో నాకే తెలీదు. అంచనా ఎలా వేసేదండీ?"

"పోయినేడాది లెక్క పట్టుకోండి. ఎంతొచ్చినా పావు వంతు పక్కన పెట్టండి. దాన్ని మీ డబ్బనుకోకండి."

ఆవిడ వేరే ఖాతా తెరిచింది. పావు వంతు అందులో పడ్డాకే ఇంట్లోకి సరుకులు. కుర్చీ చెయ్యి విరిగితే తాడు కట్టుకుంది గాని ఆ డబ్బు ముట్టుకోలేదు. మొదటి వాయిదా వేళకు కట్టేసింది.

రెండో వాయిదాకు ముందు అన్నయ్య వచ్చాడు. అతనిది ఫోన్లు బాగుచేసే కొట్టు. పక్క కొట్టు ఖాళీ అయిందని, వెంటనే అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకెవరో ఎగరేసుకుపోతారని అన్నాడు.

"నా దగ్గరెక్కడిది అన్నయ్యా?"

"ఆ ఖాతాలో ఊరికే పడుందట కదా. అమ్మ చెప్పింది."

"అది నాది కాదు. పన్నుది."

"నీ సంపాదన నీది కాకపోవడమేంటే? వాయిదా లోపల ఇచ్చేస్తాను."

కూరగాయలు తరుగుతున్న తల్లి తలెత్తకుండానే, "అడక్క అడక్క అడిగాడు," అంది. ఆవిడ ఆ ఖాతాలోది తీసి అన్నకు ఇచ్చేసింది.

వాయిదా వచ్చింది, డబ్బు రాలేదు. కొట్టుకు వెళితే అన్నయ్య కొత్త అద్దాల బీరువాల మధ్య నిలబడి, "కాస్త ఆలస్యమైతే పన్నువాళ్లేం ఇంటికొచ్చి కూర్చుంటారా?" అని నవ్వాడు.

ఎవరూ వచ్చి కూర్చోలేదు. వడ్డీ మాత్రం పెరిగింది. పైగా ఆవిడకు ఎక్కువ పనిచ్చే పుస్తకాల కంపెనీ పాత బొమ్మలతోనే సర్దుకుంటామని చెప్పేసింది.

"ఆదాయం తగ్గింది కాబట్టి అంచనా తగ్గించుకోవచ్చు. తప్పిన వాయిదాకి మాత్రం వడ్డీ కట్టాల్సిందే. ఎందుకు కట్టలేదమ్మా?" అన్నాడు ఆడిటర్.

"చూసుకోలేదండీ," అంది. అన్నయ్య సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

బొమ్మలు గీసుకునే కంప్యూటర్ అమ్మి పన్ను బాకీ తీర్చి, పాత ఆఫీసులోనే చేరింది. తను పని నేర్పిన అమ్మాయే ఇప్పుడు అక్కడ పైఅధికారి.

ఓసారి బంధువులంతా భోజనాలకు కూర్చున్నప్పుడు అన్నయ్య అందుకున్నాడు. "సొంత పనంటే లెక్కలు రావాలి. మా చెల్లికి బొమ్మలు తప్ప ఏం తెలీదు. ఇప్పుడు హాయి, ఆఫీసువాళ్లే పన్ను కోసేస్తారు."

"నువ్వు తీసుకున్నది ఎప్పుడిస్తావు అన్నయ్యా?" అంది వడ్డిస్తూ.

"నలుగురిలో అదేం అడగడమే," అంది తల్లి.

అన్నయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. బంధువులు ఆవిడనే వింతగా చూశారు. ఆ డబ్బు ఈనాటికీ రాలేదు.